హెడ్‌లైట్‌లో పోసే నీళ్లు, ఆకాశానికి తగిలించే కొక్కెం

బ్రిటన్‌లోనైనా అమెరికాలోనైనా మెకానిక్ షెడ్డులో కొత్తగా పనికి కుదిరిన కుర్రాడికి ఒక ముచ్చట తప్పదు. పెద్ద మేస్త్రీ ముఖంలో నవ్వు ఛాయ కూడా కనబడనీయకుండా, "అబ్బాయ్, స్పేర్‌పార్టుల షాపుకెళ్లి హెడ్‌లైట్‌లో పోసే ఆయిలు ఒక సీసా పట్రా" అంటాడు. కుర్రాడు పరుగెత్తుతాడు. కౌంటరు వెనకున్నాయనకు సంగతి ఇట్టే తెలిసిపోతుంది. ఆయన కూడా ఆటలో చేరి, "ఎడమ దీపానికా, కుడి దీపానికా? కనుక్కుని రా" అని వెనక్కి పంపుతాడు. ఇలా రెండు మూడు సార్లు తిరిగాక షెడ్డంతా ఒక్కసారి గొల్లుమంటుంది.

ఇలాంటి లేని సామాన్ల జాబితా పెద్దదే. సైలెన్సర్‌కి వేసే బేరింగు, ఇండికేటర్‌లో పోసే ద్రవం, ఎడమచేతి పానా, చారల పెయింటు డబ్బా, బకెట్టెడు ఆవిరి, ఇంజిన్‌ని గాల్లో వేలాడదీయడానికి ఆకాశానికి తగిలించే కొక్కెం. తెలివైన కుర్రాళ్లు కూడా వీటికి పడిపోతారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. సైకిల్ ఎడమ పెడలుకు మర ఎదురు తిరుగుతుందని మొదటిసారి విన్నవాడికి అదీ ఎగతాళిలాగే ఉంటుంది. కొన్ని ఇంజిన్లలో ఎగ్జాస్ట్ వాల్వును లోపల బోలుగా చేసి, వేడిని లాగేయడానికి సోడియం నింపుతారంటే ఎవరు నమ్ముతారు? రెండూ నిజాలే. ఇన్ని వింత నిజాల మధ్య ఒక అబద్ధాన్ని కలిపేస్తే ఏరి తీయడం కష్టం.

ఆ జాబితాలో రెండు వస్తువులకు మాత్రం మిగతావాటికి లేని చరిత్ర ఉంది. హెడ్‌లైట్‌లో పోసే ద్రవం ఎగతాళి కాకముందు నిజంగా ఉండేది. ఎగతాళిగా మారాక కూడా ఒకసారి నిజమైంది. ఆకాశపు కొక్కెమైతే నవ్వులాటగా పుట్టి, గణితంలోకి ప్రవేశించి, చివరికి కార్ల చక్రాల దగ్గర స్థిరపడింది.

మొదటి కథ కార్లతో సంబంధం లేని ఒక కొలిమి దగ్గర మొదలైంది. 1892లో అమెరికాలోని నార్త్ కరోలినాలో, స్ప్రే అనే చిన్న ఊళ్లో, థామస్ విల్సన్ అనే కెనడా యువకుడు అల్యూమినియం చవగ్గా తయారుచేయాలని తంటాలు పడుతున్నాడు. అతనికి పెట్టుబడి పెట్టినవాడు జేమ్స్ టర్నర్ మోర్‌హెడ్ అనే బట్టల మిల్లుల యజమాని. మిల్లు దగ్గర నీటి శక్తి ఉంది, దానితో కరెంటు పుట్టించి విద్యుత్ కొలిమి నడపవచ్చు. కానీ అల్యూమినియం లొంగలేదు. దాని ఖనిజంలోంచి ఆక్సిజన్‌ను విడదీయడానికి బొగ్గు బలం చాలడం లేదు. విల్సన్ ఇంకో దారి ఆలోచించాడు. ముందు కాల్షియం లోహాన్ని తయారుచేస్తే, ఆ పని అది చేస్తుందేమో!

మే 2న సున్నాన్నీ తారునూ కలిపి కొలిమిలో వేశారు. చల్లారాక బయటికి వచ్చింది లోహంలా మెరవలేదు. నల్లగా, పెళుసుగా ఉన్న రాయి లాంటి పదార్థం అది. దాన్ని నీళ్లలో వేస్తే బుసబుసా గ్యాసు పొంగింది. కాల్షియం నీళ్లలో పడితే హైడ్రోజన్ రావాలి కాబట్టి, తాము అనుకున్నదే జరిగిందని సంబరపడవచ్చు. అనుమానం తీర్చుకోవడానికి ఆ గ్యాసును అంటించి చూశారు. హైడ్రోజన్ మంటకు పొగ ఉండదు, రంగూ పెద్దగా ఉండదు. ఈ మంట వెలుగుతోంది, పైగా నల్లటి మసి కక్కుతోంది. మసి ఉందంటే అందులో కార్బన్ ఉందన్నమాట. అప్పుడు ఆ రాయి కాల్షియం ఎలా అవుతుంది?

నమూనాలు నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చెప్పే ఫ్రాన్సిస్ వెనబుల్ దగ్గరికి వెళ్లాయి. జవాబు తేలింది. ఆ రాయి కాల్షియం కార్బైడ్. వచ్చిన గ్యాసు ఎసిటిలీన్. రెండూ శాస్త్రజ్ఞులకు అంతకుముందే తెలుసు, కాకపోతే ప్రయోగశాలలో చిటికెడు చిటికెడుగా మాత్రమే. కార్బైడ్‌ను టన్నుల లెక్కన చేసే ఉపాయం ఇప్పుడు ఓడిపోయిన ఒక ప్రయత్నం నుంచి ఊడిపడింది. అల్యూమినియం కోసం బయల్దేరినవాడు వెలుగు తెచ్చాడు. మనవాళ్లకు కార్బైడ్ అంటే దొంగచాటుగా మామిడికాయలు మగ్గబెట్టే పొడిగానో, గ్యాస్ వెల్డింగ్ షాపులో డ్రమ్ములో వేసే రాయిగానో తెలుసు. అదే ఇది.

సరిగ్గా ఆ సమయానికి రోడ్ల మీదికి కొత్త బండ్లు వస్తున్నాయి. నూనె దీపాలు గాలికి ఆరిపోయేవి, వాటి వెలుతురు నాలుగడుగులు దాటేది కాదు. అప్పటి కరెంటు దీపాల్లో ఫిలమెంటు సున్నితం, గతుకుల రోడ్డు మీద ఠపీమని తెగిపోయేది. ఆ సందులో ఎసిటిలీన్ దీపం ప్రవేశించింది. ఏర్పాటు తేలిక. కింది అరలో కార్బైడ్, పై అరలో నీళ్లు. మర కొద్దిగా తిప్పితే నీళ్లు చుక్కచుక్కగా కార్బైడ్ మీద పడతాయి, గ్యాసు పుడుతుంది, గొట్టం గుండా దీపానికి చేరుతుంది. అగ్గిపుల్ల గీస్తే తెల్లటి మంట, వెనక అద్దం ఆ వెలుగును ముందుకు విసురుతుంది. సైకిళ్లకూ మోటారు సైకిళ్లకూ కార్లకూ ఇవే దీపాలు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కారు మీద కూడా ఎసిటిలీన్ హెడ్‌లైట్లే ఉండేవి.

అంటే ఆ రోజుల్లో షెడ్డులో మేస్త్రీ "హెడ్‌లైట్‌లో నీళ్లు పొయ్యి" అంటే కుర్రాడు మారుమాట్లాడకుండా పోయాల్సిందే. అది ఎగతాళి కాదు, రోజువారీ చాకిరీ. ఆ చాకిరీ మామూలుగా ఉండేది కాదు. వాడిన కార్బైడ్ సున్నపు ముద్దగా అడుగున పేరుకుంటే గీకి కడగాలి. చలి దేశాల్లో నీళ్లు గడ్డకట్టి, సరిగ్గా కావలసినప్పుడే దీపం మొరాయించేది.

ఈ బాధకు విరుగుడు మళ్లీ ఎవరూ ఊహించని చోటు నుంచి వచ్చింది. ఒహాయోలోని డేటన్‌లో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు దుకాణాల్లో డబ్బు లెక్కపెట్టే యంత్రాలకు మోటారు అమర్చే పని చేసి ఉన్నాడు. కాడిలాక్ కంపెనీ అధిపతి హెన్రీ లేలండ్‌కు, చేత్తో హ్యాండిల్ తిప్పక్కర్లేకుండా ఇంజిన్‌ను స్టార్ట్ చేసే ఉపాయం కావాలి. అంత బలమైన మోటారు కారులో పట్టదని చాలామంది తేల్చేశారు. వాళ్ల లెక్క, రోజంతా ఆగకుండా తిరిగే మోటారు లెక్క. కెటరింగ్‌కు గల్లాపెట్టె మోటారు గుర్తుంది. సొరుగు తెరుచుకోవడానికి అది క్షణకాలం పనిచేస్తే చాలు. ఆ క్షణంలో చిన్న మోటారు చేత కూడా దాని స్థాయికి మించిన బరువు మోయించవచ్చు, వేడెక్కేలోగా పని అయిపోతుంది. ఇంజిన్ అందుకున్నాక అదే మోటారు జనరేటరుగా మారి బ్యాటరీని నింపుతుంది. బ్యాటరీ ఉంది కాబట్టి దీపాలూ దాని మీదే వెలుగుతాయి. 1912 మోడల్ కాడిలాక్ ఈ ఏర్పాటుతో వచ్చింది. ఆ లోపే విలియం కూలిడ్జ్ అనే శాస్త్రవేత్త టంగ్‌స్టన్‌ను సన్నటి తీగగా సాగదీసే పద్ధతి కనిపెట్టి, ఫిలమెంటుకు బలం ఇచ్చాడు. కొన్నేళ్లలోనే నీటి దీపాలు మూలపడ్డాయి. ఇక హెడ్‌లైట్‌లో ఏదైనా పోయమన్నవాడు ఆటపట్టిస్తున్నట్టే లెక్క.

ఒక వస్తువు నిజం నుంచి నవ్వులాటలోకి జారిపోయిన ఆ కాలంలోనే ఇంకొకటి నవ్వులాటగా పుట్టింది. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తున్న 1915లో ఒక విమాన చోదకుడికి ఇంకో గంటసేపు అక్కడే గాల్లో ఉండమని ఆజ్ఞ వచ్చిందట. అతడికి ఒళ్లు మండి, ఈ యంత్రానికి ఆకాశపు కొక్కేలు బిగించలేదని బదులిచ్చాడని అప్పటి పత్రిక ఒకటి రాసింది. ఇంగ్లీషువాళ్లు స్కైహుక్ అనే ఆ కొక్కెం తర్వాత షెడ్లలో, ఓడల్లో, సైన్యంలో కొత్తవాళ్లను పరుగులు పెట్టించే సామాన్ల జాబితాలో స్థిరపడింది. పైన ఆధారం లేకుండా ఏ బరువూ వేలాడదు. అసాధ్యాన్ని ఒక్కమాటలో చెప్పాలంటే అంతకంటే మంచి వస్తువు లేదు.

ఇలాంటి ఆటలు కుర్రాళ్ల మీదే అనుకుంటే పొరపాటు, ఇంజనీర్లు తమను తామే ఆటపట్టించుకున్నారు. 1944లో బ్రిటన్‌లోని విద్యుత్ ఇంజనీర్ల సంస్థ విద్యార్థుల పత్రికలో జె.హెచ్. క్విక్ అనే విద్యార్థి టర్బో ఎన్‌కాబులేటర్ అనే యంత్రాన్ని వర్ణిస్తూ ఒక వ్యాసం రాశాడు. వాక్యాలన్నీ వ్యాకరణయుక్తం, పదాలన్నీ గంభీరం, అర్థం మాత్రం శూన్యం. అది అట్లాంటిక్ దాటి 1946లో టైమ్ పత్రికకెక్కింది. 1962లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఆ లేని యంత్రానికి తన హ్యాండ్‌బుక్‌లో ఒక పేజీ కేటాయించింది. 1970ల్లో బడ్ హాగర్ట్ అనే నటుడు కార్ల కంపెనీల శిక్షణ చిత్రాలకు పనిచేస్తూ, అదే వ్యాసాన్ని కనురెప్ప వేయకుండా కెమెరా ముందు అప్పజెప్పాడు. ఈ సంప్రదాయం ఇప్పటికీ నడుస్తోంది. అమెరికాలో పేరున్న ఓరైలీ అనే విడిభాగాల సంస్థ జాబితాలో, 1985 నాటి బ్యాక్ టు ద ఫ్యూచర్ సినిమాలో కారును కాలంలో వెనక్కి పంపిన ఫ్లక్స్ కెపాసిటర్‌కు ఒక నంబరు ఉంది. ఆ నంబరు 121జీ. సినిమాలో ఆ యంత్రానికి కావలసిన కరెంటు 1.21 గిగావాట్లు మరి.

మళ్లీ 1960లకు వెళ్తే, ఫ్రాన్స్‌లో సిట్రోయెన్ కంపెనీ ఇంజనీర్లకు హెడ్‌లైట్లు మళ్లీ తలనొప్పి తెచ్చాయి. దీపాలు బాగా వెలుగుతున్నాయి, కానీ వెలుగు పడవలసిన చోట పడటం లేదు. మలుపులో బండి ఒకవైపు తిరుగుతుంటే కాంతి తిన్నగా పొలాల్లోకి పోతుంది. బ్రేకు వేస్తే బండి ముక్కు వంగి వెలుగు కాళ్ల దగ్గర పడుతుంది. వేగం పెంచితే ముక్కు లేచి ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. 1967లో వాళ్లు డీఎస్ కారు హెడ్‌లైట్లలో లోపలి జతను స్టీరింగుతో పాటు తిరిగేలా చేశారు. అందుకు తీగలు వాడారు. 1970లో వచ్చిన ఎస్ఎం కారులో ఇంకో అడుగు వేశారు. గాజు తొడుగు వెనక ఆరు దీపాలు. వాటిలో లోపలి జతను మలుపుకు తిప్పడానికీ, ముక్కు వంగినా లేచినా దీపాలను సమంగా నిలపడానికీ విడిగా ఒక హైడ్రాలిక్ ఏర్పాటు చేశారు. కారు సస్పెన్షన్‌లో, బ్రేకుల్లో ఉండే ద్రవంతో దీనికి సంబంధం లేదు. పూర్తిగా సీలు చేసిన గొట్టాల్లో గ్లిసరిన్ లాంటి ద్రవం నింపి, దాని ఒత్తిడితో దీపాలను కదిలించారు.

ఆ విధంగా హెడ్‌లైట్‌లో పోసే ద్రవం మళ్లీ పుట్టింది. ఈసారి మంట కోసం కాదు, చూపు కోసం. అమెరికాలో దీపాల చట్టాలు ఒప్పుకోకపోవడంతో అక్కడికి వెళ్లిన ఎస్ఎం కార్లకు కదలని దీపాలే బిగించారు. కాబట్టి ఆ ద్రవం అమెరికా షెడ్లలో ఎగతాళిగానే మిగిలిపోయింది, ఫ్రాన్స్ షెడ్లలో మాత్రం సామానైంది.

ఎస్ఎం కారుకు ఇంజిన్ ఇచ్చింది ఇటలీకి చెందిన మాసెరాటి. ఆ పేరు ఆకాశపు కొక్కెం కథలో మళ్లీ ఎదురవుతుంది.

షాక్ అబ్జార్బర్ల దగ్గర ఇంజనీర్లు చాలాకాలంగా ఒక చిక్కులో ఇరుక్కుపోయి ఉన్నారు. షాక్ అబ్జార్బర్ ఒక కొస చక్రానికీ, ఇంకో కొస బండి శరీరానికీ బిగించి ఉంటుంది. దాన్ని మెత్తగా చేస్తే గతుకు దాటాక కూడా బండి ఊగుతూనే ఉంటుంది. గట్టిగా చేస్తే ఊపు ఆగుతుంది కానీ, రోడ్డు మీది ప్రతి చిన్న గరుకూ నేరుగా మనిషి వెన్నులోకి వస్తుంది. ఒకటి సరిచేస్తే రెండోది చెడుతుంది. ఎన్ని స్ప్రింగులు మార్చినా, ఎన్ని నూనెలు మార్చినా రాజీయే తప్ప పరిష్కారం దొరకలేదు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో ఆచార్యుడైన డీన్ కార్నాప్, తన సహచరులు క్రాస్బీ, హార్‌వుడ్‌లతో కలిసి ఈ చిక్కును తలకిందులుగా చూశాడు. తప్పంతా షాక్ అబ్జార్బర్ రెండో కొసను చక్రానికి బిగించడంలోనే ఉంది, ఎందుకంటే చక్రం ఎప్పుడూ ఎగిరెగిరి పడుతుంటుంది. ఆ కొసను కదలని దేనికైనా బిగిస్తే? నేల మీద పరుగెత్తే బండికి కదలనిది ఒక్క ఆకాశమే. ఆకాశానికి ఒక కొక్కెం వేసి దానికి షాక్ అబ్జార్బర్ తగిలిస్తే, కింద చక్రం ఎలా గంతులేసినా శరీరం నిలకడగా సాగిపోతుంది. లెక్క కట్టి చూస్తే ఫలితం అద్భుతం. చిక్కల్లా ఒక్కటే, అలాంటి కొక్కెం లేదు.

మామూలుగా అయితే కథ ఇక్కడ నవ్వుతో ముగియాలి. వాళ్లు ఆగలేదు. ఆ కొక్కెం ఉంటే బండి మీద ఏ క్షణంలో ఎంత బలం పనిచేసేదో లెక్కలో కనబడుతోంది. ఉన్న షాక్ అబ్జార్బర్ చేతనే ఆ బలాన్ని పుట్టించవచ్చా? పూర్తిగా కుదరదు. షాక్ అబ్జార్బర్ కదలికను అడ్డుకోగలదే తప్ప తనంతట తాను నెట్టలేదు. అయితే సగం వేళల్లో కావలసిన బలమూ అది ఇవ్వగల బలమూ ఒకే దిక్కుకు ఉంటాయి. పల్లంలోకి దిగుతున్న బండిని వెనక నుంచి తాడుతో పట్టుకున్న మనిషి కూడా ఇంతే. బండి జారుతుంటే బిగబడతాడు, ఎక్కుతుంటే తాడు వదులు చేస్తాడు. తాడుతో నెట్టలేడు, అయినా బండి అదుపులోనే ఉంటుంది. అలాగే అనుకూలమైన క్షణాల్లో షాక్ అబ్జార్బర్‌ను బిగించి, ప్రతికూలమైన క్షణాల్లో వదిలేస్తే ఆకాశపు కొక్కేనికి చాలా దగ్గరి ఫలితం వస్తుంది. బిగించడానికీ వదలడానికీ ఒక చిన్న వాల్వు చాలు, పెద్ద శక్తి అక్కర్లేదు. 1974లో ఈ పరిశోధన అచ్చయింది. కాగితం మీద ఎక్కడో ఉన్న కొక్కేనికి వాళ్లు స్కైహుక్ అన్న పేరే ఉంచారు.

అనుకున్నంత తేలిగ్గా అది బండి ఎక్కలేదు. సెకనులో ఎన్నోసార్లు కదలికను కొలిచి, లెక్కించి, వాల్వును తిప్పే ఎలక్ట్రానిక్స్ అప్పటికి చవగ్గా దొరకవు. ఆ లోపు రేసుకార్లవాళ్లు ఖరీదైన దారి తొక్కారు. షాక్ అబ్జార్బర్లను పక్కనపెట్టి, పంపులతో చక్రాలను నెట్టే హైడ్రాలిక్ యంత్రాలు బిగించారు. లోటస్ జట్టు 1983లో ఆ ప్రయత్నం చేసింది, బరువు ఎక్కువై లాభం లేకపోయింది. 1992లో విలియమ్స్ జట్టు అలాంటి సస్పెన్షన్‌తోనే ఫార్ములా వన్ ప్రపంచ రేసుల పోటీని ఊడ్చేసింది. 1994 నుంచి దాన్ని నిషేధించారు. బలంతో గెలిచే దారి మూసుకుపోయినా, వాల్వుతో గెలిచే దారి తెరిచే ఉంది.

2001లో మాసెరాటి తన స్పైడర్ కారుకు, రోడ్డును బట్టి తనంతట తాను బిగిసి వదులయ్యే సస్పెన్షన్ అమర్చి, దానికి స్కైహుక్ అనే పేరు పెట్టింది. మరుసటి ఏడాది కాడిలాక్ తన సెవిల్ కారులో వాల్వు కూడా లేకుండా అదే పని చేసి చూపించింది. ఇనుప రేణువులు కలిపిన ఒక నూనె ఉంటుంది. పక్కన అయస్కాంతం పనిచేస్తే అది క్షణంలో ముద్దలా చిక్కబడుతుంది, తీసేస్తే మళ్లీ పలచబడుతుంది. దీన్ని 1940ల చివర జేకబ్ రాబినో అనే అమెరికన్ పరిశోధకుడు కనిపెట్టాడు. రేణువులు అడుగున పేరుకుపోవడం, భాగాలను అరగదీయడం వల్ల అది ఎన్నో ఏళ్లు మూలనపడి ఉంది. 1990ల్లో ఆ లోపాలు సరిదిద్దాక షాక్ అబ్జార్బర్‌లోకి చేరింది. 1912లో హెడ్‌లైట్లలోంచి నీళ్లను వెళ్లగొట్టిన కాడిలాక్, తొంభై ఏళ్ల తర్వాత ఇలాంటి వింత ద్రవాన్ని కారులోకి తెచ్చిపెట్టింది.

విల్సన్‌కు కావలసిన లోహం దొరకలేదు, కార్నాప్‌కు కావలసిన కొక్కెం అసలే లేదు. అయినా ఇద్దరి పనీ వృథా కాలేదు. విల్సన్ చేతికొచ్చిన రాయిని పారేయకుండా దాని మంటను గమనించాడు. కార్నాప్ లేని వస్తువును చూసి నవ్వి ఊరుకోకుండా, అది ఉంటే ఏం పని చేసేదో కొలిచాడు. షెడ్డులో లేని సామాను కోసం పంపినప్పుడు "ఇది దేనికి, ఎక్కడ బిగించాలి, ఎలా పనిచేస్తుంది?" అని అడిగే కుర్రాడు ఉంటే మేస్త్రీ ఆట అక్కడితో చెడుతుంది. కానీ ఆ మూడు ప్రశ్నలూ అడిగేవాడు దొరికాడంటే, ఆ షెడ్డుకు నిజమైన మెకానిక్ దొరికినట్టే.